లారపింటా నడకకి నాన్నగారిని తీసుకెళ్ళొచ్చా? డిసెంబర్‌లోనా, జూన్‌లోనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర లారపింటా దారిలో గైడ్‌తో ఆరు రోజుల నడక టూర్ ఒకటి చూశారు. మీకు 38, మీవారికి 41, నాన్నగారికి 64. ఆయనకి షుగర్ ఉంది, ఒక మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. అందరూ శాకాహారులు. ఏటా అలిపిరి మెట్లు ఎక్కుతారు, అంతకు మించి నడిచింది లేదు. సెలవులు డిసెంబర్‌లో దొరుకుతాయి, అప్పుడు వెళ్ళొచ్చా? దారి గుర్తులు బాగానే ఉంటాయంటున్నారు కదా, గైడ్‌కి అంత డబ్బు పెట్టడం అవసరమా?

ముందు సూటిగా చెప్పేస్తాను. డిసెంబర్‌లో వద్దు, జూన్‌లోనో జూలైలోనో వెళ్ళండి. మొదటిసారి గైడ్‌తోనే వెళ్ళండి. నాన్నగారిని తీసుకెళ్ళొచ్చు, కానీ ఆరు రోజులూ ఆయన చేత మొత్తం దారి నడిపించాలని పట్టుపట్టకండి. తిండికి పెద్ద ఇబ్బంది ఉండదు.

ఇక నా సంగతి. మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్ళుగా అడిలైడ్‌లో ఉంటున్నాను. ఈ దారి మొత్తం రెండుసార్లు నడిచాను, ముక్కలు ముక్కలుగా నడిచినవి వేరే. నాలుగు శీతాకాలాలు ఒక నడక సంస్థలో సహాయ గైడ్‌గా పనిచేశాను. అంటే నీళ్ళు మోయడం, వంట, వెనకబడ్డవాళ్ళతో కలిసి నడవడం. కింద రాసేదంతా ఎక్కువగా ఆ వెనక వరుసలో నడుస్తూ నేర్చుకున్నదే.

మీ ప్రశ్నల్లో నెల సంగతి అన్నిటికంటే ముఖ్యం. అక్కడ ఋతువులు మనకి తిరగబడి ఉంటాయి. డిసెంబర్, జనవరి నడి వేసవి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. రాతి గోడల మధ్య ఆ వేడి ఇంకా ఎక్కువగా కొడుతుంది. మంచి సంస్థలేవీ ఆ నెలల్లో ఈ నడక పెట్టవు, ఎవరైనా పెడతామంటే అక్కడే అనుమానించండి. నడక కాలం దాదాపు ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా. జూన్, జూలైల్లో పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం సున్నా దగ్గరికి దిగుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. అలాంటి రోజు తెల్లారి లేచేసరికి సీసాలో నీళ్ళ మీద మంచు పొర ఉంటుంది. ఎడారి అంటే వేడి అనుకుని పల్చటి బట్టలతో వచ్చినవాళ్ళు మొదటి రాత్రే బాధపడతారు. మీరు హైదరాబాద్‌లో వాడే స్వెట్టర్ దీనికి చాలదు.

డిసెంబర్ సెలవులు తప్ప వేరే దారే లేకపోతే ఈ నడకని మరో ఏడాదికి వాయిదా వేసుకోండి. ఆ నెలలో ఉలూరు అనే పెద్ద ఎర్ర బండకొండ ఒక్కటైనా చూద్దామనుకునేవాళ్ళు ఉంటారు. చూడొచ్చు, కానీ తెల్లవారుజామున నడిచి పెందలాడే గదికి చేరాలి. అదే జాతీయ వనంలోని కటా జూటా కొండల్లో 'వ్యాలీ ఆఫ్ ద విండ్స్' దారిని ఎండ 36 డిగ్రీలకి చేరుతుందని తెలిస్తే పొద్దున 11 గంటలకే మూసేస్తారు. ఇంకో మాట. ఉలూరు ఆలిస్ స్ప్రింగ్స్ పక్కనే ఉందని చాలామంది అనుకుంటారు. రోడ్డు మీద 450 కిలోమీటర్ల పైమాటే. రెండూ చూడాలంటే నడక అయ్యాక మూడు రోజులు విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు దారి గురించి. లారపింటా మొత్తం సుమారు 230 కిలోమీటర్లు, 12 భాగాలు. ఆలిస్ స్ప్రింగ్స్ పాత టెలిగ్రాఫ్ స్టేషన్ దగ్గర మొదలై పడమరగా పోయి 1380 మీటర్ల సోండర్ కొండ మీద ముగుస్తుంది. ఇందులో ఎక్కువ భాగం వెస్ట్ మెక్‌డానెల్ కొండల జాతీయ వనం. ఆ నేల అక్కడి ఆదివాసులైన అరెర్న్టే ప్రజలది, వాళ్ళు దాన్ని 'చోరిచ' అంటారు. అక్కడి ఫింక్ నదికి వాళ్ళ పేరు లారపింటా, దారికి పేరు అక్కడి నుంచే వచ్చింది. ప్రపంచంలో చాలా పాత నదుల్లో అదొకటి. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే, అక్కడక్కడ మడుగులు.

ఈ చోటు ఎలా ఉంటుందో మన మాటల్లోనే బాగా అర్థమవుతుంది. గండికోట చూశారా? పెన్న ఎర్ర రాతి కొండని కోసుకుంటూ పోయి గండి కొట్టింది కదా. లారపింటా అలాంటి గండ్ల వరుస. కొండలు తూర్పు పడమరలుగా బారుగా పడుకుని ఉంటాయి, వాగులు వాటిని అడ్డంగా కోసుకుని దక్షిణానికి పోతాయి. వాళ్ళు 'గ్యాప్', 'కాజమ్', 'జార్జ్' అని పిలిచే ప్రతి చోటూ మనకి గండే. సింప్సన్స్ గ్యాప్, స్టాండ్లీ కాజమ్, సర్పెంటైన్ జార్జ్, ఆర్మిస్టన్ జార్జ్. పక్కన వాగుల్లో ఎండిన ఇసుక, ఇసుక కింద తడి, ఒడ్డున తెల్లటి మానుల యూకలిప్టస్ చెట్లు. మొదటిసారి ఆ ఇసుకలో కాలు పెట్టినప్పుడు చిత్రావతిలో చెలమ తోడిన రోజులు గుర్తొచ్చి కాసేపు అలాగే నిలబడిపోయాను. రాయలసీమ మనిషికి అది పరాయి నేలగా అనిపించదు.

అయితే ఒక తేడా ఉంది, మీ నాన్నగారి మోకాలికి సంబంధించింది అదే. మీరు అలిపిరి మెట్లు ఎక్కుతామన్నారు. మంచి లెక్కే. సోండర్ కొండ ఎక్కడం కూడా ఎత్తులో దాదాపు అంతే, సుమారు 700 మీటర్లు. కానీ అలిపిరిలో 3550 మెట్లూ మనిషి పాదం కోసం చెక్కినవి. ఇక్కడ ఏ రాయీ పక్క రాయిలా ఉండదు. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, అంచులు పదునుగా ఉంటాయి, కొన్ని కాలు పెట్టగానే కదులుతాయి. రోజంతా చూపు నేల మీదే ఉంచి నడవాలి. 15 కిలోమీటర్లకి కాళ్ళకంటే ముందు మనసు అలిసిపోతుంది. కిలోమీటర్లు చూసి లెక్క వేయకండి, గంటలు చూడండి. చదునైన దారిలో గంటకి ఐదు నడిచేవాళ్ళు ఇక్కడ రెండున్నర, మూడు నడుస్తారు.

రెండో తేడా గాలి. అది ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా పొడిగా ఉంటుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు "నాకు చెమటే పట్టలేదండీ, దాహం లేదు" అంటారు. సాయంత్రం టోపీ అంచున తెల్లటి ఉప్పు గీత చూపిస్తే అప్పుడు నమ్ముతారు. చలికాలంలో కూడా రోజుకి కనీసం మూడు లీటర్లు వెంట ఉండాలి, పొడవైన రోజు అయితే నాలుగు. ఒక్కసారిగా గటగటా తాగకుండా పావుగంటకోసారి గుక్కెడు. వాటిలో కొన్ని ఓఆర్ఎస్‌వి అయితే మేలు.

ఇక గైడ్ మాట. దారి గుర్తులు నిజంగానే బాగుంటాయి. నీలం రంగు బాణాలు వరుసగా కనబడుతూనే ఉంటాయి. భాగాల మొదట్లో నీళ్ళ ట్యాంకులు కూడా ఉన్నాయి. అనుభవం ఉన్నవాళ్ళు సొంతంగా నడుస్తారు, నేనూ నడిచాను. అందుకే చెబుతున్నాను, గైడ్‌కి డబ్బు ఇచ్చేది దారి చూపించినందుకు కాదు, ఇవాళ ఇక్కడితో చాలు అని చెప్పినందుకు. ఆ మాట మనకి మనం చెప్పుకోలేం. విమానం టిక్కెట్లు, సెలవులు, ఇంటికి పంపాల్సిన ఫోటోలు అన్నీ ముందుకు తోస్తుంటాయి.

నేను మొదటిసారి స్నేహితురాలితో వెళ్ళినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. సెప్టెంబర్ నెల. స్టాండ్లీ కాజమ్ నుంచి బర్త్‌డే వాటర్‌హోల్ దాకా, నాలుగో భాగం, 18 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. చదువుతుంటే చిన్నదిగానే ఉంటుంది. తీరిగ్గా టిఫిన్ చేసి పదింటికి బయల్దేరాం. మనిషికి మూడు లీటర్లు. ఆ రోజు ఎండ ఋతువుకి మించి కాసింది. మధ్యలో బ్రింక్లీ బ్లఫ్ అనే ఎత్తయిన కొండ మీదకి చేరేసరికి ఇద్దరి దగ్గరా కలిపి లీటరు మిగిలింది. దిగడం ఎక్కడం కంటే నెమ్మది. తలనొప్పి మొదలైంది. తను మాట్లాడటం మానేసింది. నేను మాటిమాటికీ చిరాకు పడ్డాను. అది కోపం కాదు, ఒంట్లో నీళ్ళు తగ్గడమని అప్పుడు తెలియదు. చీకటి పడ్డాక టార్చి వెలుగులో ట్యాంకు కనబడింది. ఆ కుళాయి కింద ఇద్దరం కూర్చుని ఏడ్చాం. ఫోన్ సిగ్నల్ లేదు, ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే బీకన్ పరికరం లేదు. ఇద్దరిలో ఒకరి మడమ తిరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవడానికి ఇష్టపడను.

గైడ్‌తో వెళ్ళి ఉంటే ఆరున్నరకే బయల్దేరేవాళ్ళం, లేదా ఆ ఎండ చూసి ఆ రోజు కార్యక్రమమే మార్చేసేవాళ్ళు. వాళ్ళ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుంది. ఎక్కడెక్కడ మట్టిరోడ్డు దారికి దగ్గరగా వస్తుందో, బండి ఎంత దాకా రాగలదో తెలుసు. మరీ అవసరమైతే హెలికాప్టరో, ఫ్లయింగ్ డాక్టర్ల విమానమో రావాలి. కాబట్టి ప్రయాణ బీమాలో అత్యవసర తరలింపు, షుగర్ లాంటి పాత జబ్బులు రెండూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఏజెంటు నోటిమాట నమ్మొద్దు, కాగితంలో చదవండి.

గైడ్ టూర్లు సాధారణంగా ఎలా జరుగుతాయంటే, దారి మొత్తం నడిపించరు. ఆరు రోజుల టూర్‌లో మంచి మంచి ముక్కలు ఎంచి రోజుకి 10 నుంచి 18 కిలోమీటర్ల దాకా నడిపిస్తారు. మధ్య దూరాలు బండిలో. బరువు సామాను బండిలోనే వస్తుంది, మీ భుజాన పగటి సంచి మాత్రమే. నీళ్ళు, మధ్యాహ్నం తిండి, చలికోటు, అంతా కలిపి ఆరేడు కిలోలు. రాత్రికి ముందే వేసి ఉంచిన గుడారాలు ఉంటాయి, లేదా 'స్వాగ్'లో పడుకోవచ్చు. స్వాగ్ అంటే మందపాటి కాన్వాస్ సంచి, లోపల పరుపు, అందులోకి స్లీపింగ్ బ్యాగ్‌తో దూరిపోవడం. ఆకాశం కింద పడుకోవాలంటే భయపడకండి, రెండో రాత్రికి గుడారంలోకి వెళ్ళమన్నా వెళ్ళరు. జూలై రాత్రి వృశ్చికం సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. మన ఊళ్ళో అది దక్షిణం వైపు వాలి కనిపిస్తుంది కదా, అక్కడ మిట్టన నిలబడి తోక చివరిదాకా లెక్కపెట్టుకునేలా ఉంటుంది. ధ్రువనక్షత్రం మాత్రం వెతికినా దొరకదు.

నాన్నగారి విషయం. వయసు అడ్డం కాదు. నేను చూసినవాళ్ళలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు, 66 ఏళ్ళు, మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు తీసుకొచ్చాడు. మొదటి రోజే ఆవిడ గైడ్‌తో మాట్లాడుకున్నారు, "నేను నాలుగు రోజులు నడుస్తాను, రెండు రోజులు కూర్చుంటాను, ఏ రెండో నువ్వే చెప్పు నాయనా" అని. కఠినమైన రెండు రోజులు బండిలో వెళ్ళి ఆర్మిస్టన్ దగ్గర మడుగు ఒడ్డున కూర్చున్నారు. మేం నడిచి నడిచి వచ్చేసరికి ఆవిడ రాతి వాలబీల గురించి మాకే చెబుతున్నారు, ఎన్ని పిల్లలు, ఏ బండ మీదకి ఎప్పుడు వస్తాయి అని. బుల్లి కంగారూల్లాంటి ఆ జంతువుల్ని నడిచిన మేమెవ్వరం సరిగ్గా చూడనేలేదు. మీ నాన్నగారికీ అలాంటి ఏర్పాటు ఉంటుందా అని టూర్ వాళ్ళని ముందే అడగండి. 'మధ్యలో నడక మానేసే రోజుకి బండి ఉంటుందా' అని స్పష్టంగా రాసి అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి.

షుగర్ విషయంలో డాక్టర్‌ని కలవకుండా టిక్కెట్లు కొనొద్దు. రోజుకి ఆరేడు గంటలు నడిస్తే చక్కెర మామూలు కంటే బాగా పడిపోవచ్చు, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి. నడక రోజుల్లో మోతాదు ఎలా మార్చాలో డాక్టరే చెప్పాలి. గ్లూకోజ్ బిళ్ళలు ఆయన జేబులో ఒక సెట్టు, మీ జేబులో ఒకటి, గైడ్ దగ్గర ఒకటి ఉంచండి. ఇన్సులిన్ వాడుతుంటే రాత్రి దాన్ని సంచిలో బయట వదలకండి, గడ్డకడితే పనికిరాదు. స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి పక్కన పెట్టుకుని పడుకోవాలి. రోజూ సాయంత్రం ఆయన పాదాలు మీరే చూడండి. షుగర్ ఉన్నవాళ్ళకి చిన్న బొబ్బ నొప్పి తెలియకపోవచ్చు. "నాకేం లేదమ్మా" అంటారు, అయినా సాక్సు విప్పించి చూడాల్సిందే.

మోకాలికి రెండు నడక కర్రలు తప్పనిసరి. ఒకటి కాదు, రెండు. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే వాటి విలువ తెలుస్తుంది. వాటితో నడవడం ముందే అలవాటు కావాలి.

సాధన ఇప్పుడే మొదలుపెట్టండి. కేబీఆర్ పార్కులో రౌండ్లు వేస్తే ఊపిరికి మంచిదేగానీ పాదానికి చాలదు. భువనగిరి కోట ఎక్కండి, వికారాబాద్ అనంతగిరి కొండల్లో రాళ్ళ దారుల్లో నడవండి. వెన్ను మీద ఆరు కిలోలతో. వారంలో ఒక పొడవైన నడక, మరుసటి రోజే మళ్ళీ ఒకటి. ఈ 'మరుసటి రోజు' ముఖ్యం. ఒక్క రోజు 15 కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారు, నొప్పుల కాళ్ళతో లేచి రెండో రోజు బూట్లు వేసుకోవడమే అసలు పరీక్ష. ఫిబ్రవరిలో మొదలుపెడితే జూన్‌కి సిద్ధమవుతారు. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం ఎండ ఎక్కకముందే ముగించండి.

బూట్ల గురించి ఒక జాగ్రత్త. కొత్తవి అక్కడికి తెచ్చుకుని అప్పుడే తొడగకూడదని అందరూ చెబుతారు, నిజమే. దానికి తోడు చాలా ఏళ్ళుగా బీరువాలో పడున్న పాత మంచి బూట్లు కూడా ప్రమాదమే. లోపలి జిగురు ఎండిపోయి ఉంటుంది, ఆ రాళ్ళ మీద రెండో రోజుకి అడుగు ఊడి చేతికొస్తుంది. నేను టేపుతో, తీగతో ఎన్ని బూట్లు కట్టానో. రెండు నెలలు వాడినవి అన్నిటికంటే మంచివి. ముళ్ళగడ్డి నుంచి కాపాడుకోవడానికి చీలమండల మీద గెయిటర్లు అనే గుడ్డ తొడుగులు వేసుకోవాలి. స్పినిఫెక్స్ అనే ఆ గడ్డి దూరం నుంచి మెత్తటి దిండులా ఉంటుంది, ముట్టుకుంటే సూదులే.

తిండి. ఫారం నింపేటప్పుడు 'వెజిటేరియన్' అని రాసి ఊరుకోకండి. అక్కడ ఆ మాటలో గుడ్డు ఉంటుంది. మీరు గుడ్డు తినకపోతే విడిగా రాయండి. గైడ్లు వండే పప్పులు, శనగలు, కూరగాయలు, పాస్తా బాగానే ఉంటాయి. నిప్పుల మీద ఇనప కుండలో కాల్చే 'డాంపర్' అనే రొట్టె వేడివేడిగా మీకు నచ్చి తీరుతుంది. అయితే మాంసం వండిన గిన్నెలు వేరు, శాకాహారం గిన్నెలు వేరు అనే పట్టింపు అక్కడ సాగదు. నాన్నగారికి ఆ పట్టింపు ఉంటే ముందే మాట్లాడుకోండి. కందిపొడి, పచ్చడి కావాలంటే ఇంటి నుంచి మోసుకురావడం కంటే సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో అడిలైడ్‌లోనో ఇండియన్ షాపులో కొనుక్కోవడం సుఖం. ఇంటి నుంచి తెస్తే ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్రయాణికుల ఫారంలో తిండి ఉందని తప్పకుండా రాయండి. పచ్చి కరివేపాకు, పండ్లు, గింజలు అసలు వద్దు. దాచి దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది. బూట్లకి మట్టి ఉన్నా ఆపుతారు, కడిగి ఆరబెట్టి తెండి.

ఆడవాళ్ళు నన్ను విడిగా అడిగే ప్రశ్న మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. శిబిరాల్లో మరుగుదొడ్లు ఉంటాయి, దారిలో ఉండవు. గైడ్ దగ్గర చిన్న పార ఉంటుంది. నీళ్ళకీ దారికీ బాగా దూరంగా వెళ్ళి, అరచేతి పొడవు లోతు గుంత తీసి కప్పేయాలి. కాగితం, ప్యాడ్‌లు సంచిలో వేసుకుని వెనక్కి తేవాలి. మొదటి రోజు మొహమాటం ఉంటుంది. నీళ్ళు తక్కువ తాగి గడిపేద్దామనుకునేవాళ్ళని చూశాను, మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి. ఆ పని మాత్రం చేయకండి.

సోండర్ కొండ గురించి విడిగా రాయాలి, ఎందుకంటే చాలామంది దానికోసమే వస్తారు. దూరం నుంచి చూస్తే పడుకున్న స్త్రీలా కనిపించే ఆ కొండని అరెర్న్టే వాళ్ళు ర్వెచెప్మె అంటారు. ఆల్బర్ట్ నమచిరా (1902–1959) అనే అరెర్న్టే చిత్రకారుడు దీన్నీ ఈ తెల్లమాను చెట్లనీ నీటిరంగుల్లో వేసి లోకానికి చూపించాడు. సూర్యోదయం పైన చూడాలని రాత్రి రెండున్నర, మూడింటికి నెత్తిదీపాలతో బయల్దేరతారు. రానూపోనూ దాదాపు 16 కిలోమీటర్లు. పైన గాలి కోసేస్తుంది.

ఒక ఏడాది జూలైలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన, యాభై దాటినవారు, చాలా సరదా మనిషి. శిఖరం ఇంకో గంట ఉందనగా మాట ముద్దగా వస్తోంది, రెండుసార్లు తూలారు, గ్లౌజు తొడుక్కోలేకపోతున్నారు. అది చలి ఒంట్లోకి దిగుతున్న గుర్తు. పెద్ద గైడ్ ఆపి, ఇక దిగాలి అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, ఈ ఒక్క గంట కోసం" అన్నారు. చివరికి నేను ఆయనతో దిగాను. అందరి కోట్లలోంచి ఒకటి అదనంగా తొడిగాం, వేడి టీ తాగించాం. కిందికి నడుస్తుంటే ఒళ్ళు వేడెక్కి మాట సరిపడింది. సగం దారిలో తెల్లారింది. మేమున్న వాలు మీదే రాళ్ళన్నీ ముందు ఊదా రంగు, తర్వాత ఎరుపు, తర్వాత నిప్పుకణికల్లా అయ్యాయి. ఆయన ఒక బండ మీద కూర్చుని చాలాసేపు చూశారు. ఏడాది తర్వాత నాకు ఫోన్ చేసి మళ్ళీ వస్తున్నానన్నారు, ఈసారి మంచి చలికోటు కొన్నానని. ఆ ఏడాది ఎక్కారు.

మీ నాన్నగారు సోండర్ ఎక్కాలనుకుంటే రాత్రి నడక వద్దు, మోకాలు బాగోలేనివాళ్ళకి చీకట్లో ఆ రాళ్ళు మంచివి కావు. కొంత దూరం పగలు నడిచి మొదటి వాలు మీద నుంచి చూసి దిగొచ్చు.

ఆ నేల మీద ఎలా ఉండాలో కూడా రెండు ముక్కలు. కొన్ని చోట్ల ఫోటోలు తీయొద్దంటారు, కొన్ని చోట్లకి వెళ్ళొద్దంటారు. కారణం అడిగినా చెప్పకపోవచ్చు. మన గర్భగుడిలోకి ఎవరినైనా వద్దంటే ఎలాగో అంతే, గౌరవించండి. ఆకర్ పిట్స్ దగ్గర రంగురంగుల మట్టి గోడలు ఉంటాయి, తరతరాలుగా వాళ్ళ క్రతువులకి రంగులు తీసిన చోటు అది. వేలితో కూడా గీయకూడదు, చిటికెడు మట్టి కూడా తేకూడదు. ఎలరీ క్రీక్ మడుగు చూడగానే దూకాలనిపిస్తుంది. ఈత కొట్టొచ్చు గానీ నీళ్ళు గడ్డకట్టే చల్లన. శీతాకాలంలో ఒడ్డునే మెల్లగా దిగండి, నాన్నగారిని మోకాళ్ళ దాకా చాలనండి.

మీరు బయల్దేరే టెలిగ్రాఫ్ స్టేషన్ దగ్గర గంటసేపు ఆగండి. 1872లో దక్షిణం నుంచి డార్విన్ దాకా తీగ వేసినప్పుడు ఏర్పడ్డ స్టేషన్ అది. ఆ ఎడారిలో సామాను మోసింది ఒంటెలు. వాటిని నడిపినవాళ్ళని అందరూ 'ఆఫ్ఘన్లు' అన్నారు గానీ చాలామంది బలూచిస్తాన్, సింధ్, పంజాబ్‌ల నుంచి వచ్చినవాళ్ళు. అడిలైడ్ నుంచి ఆలిస్ మీదుగా డార్విన్ వెళ్ళే 'ద ఘాన్' రైలుకి పేరు వాళ్ళ వల్లే వచ్చింది. దారి పక్కన దట్టంగా పెరిగిన బఫెల్ గడ్డి కనిపిస్తుంది. మన దగ్గర పశువుల మేతకి వేసే అంజన్ గడ్డి అదే. ఒంటెల జీనుల్లో కూరిన గడ్డితో కొంత వచ్చిందని చెబుతారు, తర్వాత మేతకోసం కావాలనే చల్లారు. ఇప్పుడది ఆ నేలకి పెద్ద బెడద. అంటుకుంటే మంట చాలా తీవ్రంగా ఉంటుంది, వందల ఏళ్ళ వాగొడ్డు చెట్లు కాలిపోతాయి. 2019 జనవరి మంటల తర్వాత నేను వెళ్ళినప్పుడు నల్లటి మానుల మధ్య నడిచాను. మీ బూట్లకీ సాక్సులకీ అంటిన గింజలు ప్రతి సాయంత్రం ఏరి సంచిలో వేయండి, విదిలించి పారేయకండి.

ఖర్చు మాట దాచను. మనిషికి కొన్ని వేల ఆస్ట్రేలియన్ డాలర్లు అవుతుంది, విమానాలు కాక. ఆ డబ్బుకి ఏమేం వస్తాయో అడగండి: స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారా, పార్కు పాస్ కలిపారా, ఎంతమందికి ఎందరు గైడ్లు, గైడ్లకి అడవి ప్రాంతపు ప్రథమ చికిత్స శిక్షణ ఉందా. చివరి రెండు ప్రశ్నలకి తడుముకునే సంస్థ అయితే ఎంత తక్కువకి వచ్చినా వద్దు. డబ్బు తగ్గించుకోవాలంటే ఆరు రోజులకి బదులు మూడు రోజుల టూర్ తీసుకోండి, గైడ్‌ని మాత్రం తగ్గించకండి. నిజం చెప్పాలంటే మీ ముగ్గురికీ మూడు రోజులదే సరిపోతుందేమో అని కూడా అనిపిస్తోంది. అది నాన్నగారి మోకాలిని బట్టి ఉంటుంది.

కాబట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించి, దిగుడు దారిలో రోజుకి ఆరు గంటల నడక తట్టుకుంటుందా అని అడగండి. భువనగిరి కోట ఒకసారి ఎక్కించి దింపి, మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉందో చూడండి. ఆ రెండూ ఇక్కడ రాస్తే, టూర్ వాళ్ళు మీకు పంపిన రోజువారీ పట్టికలో ఏ రోజు ఆయన నడవొచ్చో, ఏ రోజు బండిలో వెళ్ళడం మంచిదో చూసి చెబుతాను.